అభిమానము – నిర్వేదము: ‘చివరకు మిగిలేది’ నవలాపరిశీలనము

బుచ్చిబాబు అను పేర ప్రసిద్ధులైన శివరాజు వేంకట సుబ్బారావుగారు (1916–1967) కథలు, నాటికలు, వ్యాసములు పెక్కు రచించిరి. నవల మాత్రము ఒక్కటియే. 1946–47 ప్రాంతమున ‘నవోదయ’ పత్రికయందు ధారావాహికముగ వెలువడి, పిదప గ్రంథరూపము దాల్చిన ‘చివరకు మిగిలేది’ ఆనాటి నుండి నేటి వఱకు విమర్శకుల చేతిలో నలుగుచునే యున్నది. ఆ విమర్శలో అధికభాగము రెండు త్రోవలు పట్టినది. మొదటిది మనస్తత్త్వశాస్త్రపు త్రోవ. కథానాయకుడగు దయానిధికి తల్లిపై గల బంధమును ఫ్రాయిడు సిద్ధాంతముతో ముడివెట్టి, అతనిని హామ్లెట్టునకు తెలుగు సోదరునిగా చూపుట ఆ మార్గమువారికి పరిపాటి. ఎర్నెస్టు జోన్సు 1949లో హామ్లెట్టును గూర్చి అట్టి గ్రంథమే వెలువరించెను. బుచ్చిబాబుగారును షేక్‌స్పియరును శ్రద్ధతో చదివి, అతనిని గూర్చి వ్రాసినవారే. కావున ఆ పోలిక నిరాధారము కాదు. రెండవ త్రోవ అస్తిత్వవాదపుది. జీవితమునకు అర్థమేమి యను ప్రశ్నయే నవలకు ప్రాణమని ఆ పక్షము.

ఈ రెండును దయానిధికి గాయ మెట్లు తగిలినది, అది యెంత లోతైనది అను విషయములను చక్కగ వివరించినవి. ఆ గాయమును అతడు ఎట్లు దించుకొనెను, అసలు దించుకొనెనా లేదా యను ప్రశ్న మాత్రము వెనుకబడిపోయినది. ఇంటియందు అన్యాయము పొంది పెరిగినవాడు ‘నేను అన్యాయము పొందినవాడను’ అను స్థానమును విడుచుట యెట్లు? ఈ ప్రశ్నను ముందుంచుకొని నవలను మఱల చదువుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

నేడు ‘బాధితుడు’ అను మాట విరివిగ వినవచ్చుచున్నది. వరద బాధితులు, అగ్నిప్రమాద బాధితులు, మోసపోయిన బాధితులు – పత్రిక తెఱచిన దినదినము ఈ పదము కనబడును. ఈ వాడుకలో దోషము లేదు. ఇచ్చట ‘బాధితుడు’ అనునది ఒక వ్యవహారస్థానము. నష్టము జరిగినదని నమోదు కావలెను, విచారణ జరుగవలెను, పరిహారమో శిక్షయో నిర్ణయము కావలెను. అది ముగిసిన పిమ్మట ఆ పేరు రాలిపోవును. పదియేండ్ల క్రిందటి వరదలో ఇల్లు పోయినవానిని ఇప్పుడెవ్వరును వరద బాధితుడని పిలువరు. కాని తండ్రి కాఠిన్యమునో, సవతితల్లి మాటనో, తల్లిపై లోకము వేసిన నిందనో భరించుచు పెరిగినవానికి పోదగిన న్యాయస్థాన మేది? వాది తానే, సాక్షి తానే, ప్రతివాదులు కొందఱు మరణించియుందురు, కొందఱు ముసలివారై యేమియు జ్ఞప్తియందు లేదందురు. తీర్పు చెప్పువారు లేని వ్యాజ్యము కనుక అది మనస్సున నిత్యము వాయిదా పడుచు సాగుచుండును. ఇట్టి వ్యాజ్యమున గెలుపోటములు లేవు. ఉపసంహరణ యొక్కటియే కలదు. ఉపసంహరణ మనగా నేరము జరుగలేదని యొప్పుకొనుట కాదు. ఈ భేదమును మఱచినచో ముందు చెప్పబోవున దంతయు అపార్థమున కెడమిచ్చును.

మన భాషలో ‘అభిమానము’ అను పదము ఈ సందర్భమున మిక్కిలి ఉపకరించును. లోకవ్యవహారమున దానికి ప్రేమ యని యర్థము. ‘ఆయనకు మాపై అభిమానము’ అందుము. ఆత్మగౌరవ మనియు నర్థము. ‘అభిమానము చంపుకొని అడిగితిని’ అందుము. వేదాంతులు దీనిని మూడవ యర్థమున వాడుదురు: తాను కానిదానిని తానని తలచుట. దేహాభిమాన మనునది అట్టిది. ఇంట దెబ్బతిన్న బిడ్డకు మొదట గాయపడునది గౌరవమను అభిమానము; దానికి కారణము ప్రేమ యను అభిమానము కొఱవడుట; కాలక్రమమున గాయమే తానను అభిమాన మేర్పడుట మూడవది. ఈ మూడవదానిని మేము ‘బాధితాభిమానము’ అని వ్యవహరింతుము. పదము క్రొత్తదే కాని వస్తువు పాతది.

ఆలంకారికులు దీని నెఱుగకపోలేదు. భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో అమర్షము, దైన్యము, నిర్వేదము అనునవి కలవు. అవమానమును సహింపలేమి అమర్షము. మనస్సు క్రుంగి దీనమగుట దైన్యము. బాధితాభిమానమును ఈ రెండింటి కలయికగా చెప్పవచ్చును. అమర్షము మాత్రమే యున్నచో వాడు ఎదురు తిరిగి వీరు డగును. దైన్యము మాత్రమే యున్నచో జాలికి పాత్రు డగును. రెండును కలిసిన చోట, ఎదిరింపనులేక, మఱవనులేక, తన జాలికి తానే ఆశ్రయమైన యొక మనస్సు పుట్టును. నిర్వేదము విషయము ఇంకను ఆసక్తికరము. దానికి నాట్యశాస్త్రము చెప్పిన విభావములలో దారిద్ర్యము, వ్యాధి, అవమానము, అధిక్షేపము, ఇష్టజనవియోగము అనువానితో పాటు ఒకే వరుసలో తత్త్వజ్ఞానము కూడ కలదు. తిట్టు తిన్నవానికిని, తత్త్వ మెఱిగినవానికిని కలుగు భావమునకు ఒకే పేరు! మమ్మటుడు నిర్వేదమును శాంతరసమునకు స్థాయిగా గ్రహించినప్పుడు ఆ నిర్వేదము రెండవ తెగకు చెందినదే కావలెను గాని మొదటిది కాజాలదు. పైకి రెండును ఒకటిగనే యుండును. ఇద్దఱును లోకముపై ఆసక్తి విడిచినట్లే కనబడుదురు. ఒకడు లోకము తన నవమానించినదని విడిచెను. రెండవవాడు లోకమునుండి తనకు రావలసిన బాకీ యేదియు లేదని విడిచెను. అవమానమున పుట్టిన నిర్వేదము ఎఱుకవలన పుట్టిన నిర్వేదముగ మాఱుట సాధ్యమా యనునదే, శాస్త్రభాషలో చెప్పవలెనన్న, మా ప్రశ్న.

మన సాహిత్యమున ఈ ప్రశ్నకు అతిప్రాచీనమగు నుదాహరణము ధ్రువుని కథ. భాగవత చతుర్థస్కంధమున నున్న దీనిని తెలుగు పిల్లలందఱు పోతన మూలమున ఎఱుగుదురు. ఎఱుగుదురన్న మాటయే కాని, కథ ఆకాశమున నక్షత్ర మగుటతో ముగిసినదను భ్రమతో నడిమి భాగమును మఱచుట కలదు. ఐదేండ్ల బాలుడు తండ్రి ఉత్తానపాదుని తొడ నెక్కబోయెను. సవతితల్లి సురుచి, అందులకు తన గర్భమున పుట్టవలసి యుండెనని యాక్షేపించెను. తండ్రి యుండియు మిన్నకుండెను. సురుచి మాటకంటె ఈ మౌనమే గొప్ప నేరమని మా తలంపు. భార్యకు వెఱచి బిడ్డను చూడని తండ్రులు పురాణములలోనే లేరు. సునీతి కుమారుని ఓదార్చుచు, ఇతరులకు కీడు తలంపవలదని, సవతి చెప్పిన దానిలో నిజము కలదని, హరి నాశ్రయింపుమని చెప్పును. ఇది పరాజితురాలి విధేయత కాదా యని అడుగువారుందురు. కొంత అట్లే తోచును. కాని ఆమె బిడ్డకు ఇచ్చిన దేమో చూడవలెను. అతని కోపమునకు ఆమె తన దుఃఖమును ఇంధనముగ వేయలేదు. తన వ్యాజ్యమునకు కుమారుని వకీలుగ నియమింపలేదు. ఇంట దుఃఖపడిన తల్లులకు ఇంతకంటె కష్టమైన సంయమము మఱొకటి లేదు.

నారదుడు త్రోవలో ఎదురై, ఇంత పసివానికి మానావమానము లేమిటి యని పరీక్షించును. ధ్రువుని ప్రత్యుత్తరము గమనింపదగినది. మీ యుపదేశము మంచిదే కాని సురుచి మాటల బాణములచే చీలిన నా హృదయమున అది నిలువదని అతడనును. కవి ఎంత నిజము పలికించినాడు! గాయపడినవానికి నీతి చెప్పరాదని నారదుడును గ్రహించి, వానిని వాదనతో గెలువబూనక మధువనమునకు మార్గము చూపెను. ఆఱు నెలల తపస్సు, శంఖస్పర్శ, వరప్రదానము – ఇవి అందఱు నెఱిగినవే. అటుపిమ్మట జరిగినదే మాకు ముఖ్యము. వరము పొంది తిరిగి వచ్చుచున్న ధ్రువునకు సంతోషము లేదు. ముక్తినిచ్చువాని నెదుట నిలిపికొని స్థానమును కోరితినే యని పరితపించును. విదురుడు ఈ విచిత్రమునకు కారణ మడుగగా, సవతితల్లి మాటలు హృదయమున నాటియుండుటచే అతడు అంతకంటె కోరలేకపోయెనని మైత్రేయుడు చెప్పెను. అనగా ధ్రువుడు కోరిన కోరిక ధ్రువునిది కాదు; సురుచిది. ఏ పీఠ మామె కాదన్నదో, అంతకంటె ఎత్తైన పీఠమును అతడు తెచ్చుకొనెను. గెలిచెను, గెలుపున సైతము ఆమెకే సమాధాన మిచ్చుచుండెను. ఇంట ఎగతాళి పాలై పెరిగి, ఎగతాళి చేసినవారికి చూపుటకే జీవితమంతయు నిర్మించుకొన్న వారిని మన మెల్లరము ఎఱుగుదుము. వారి మేడలకు పునాది వేసినవారు వేఱొకరు.

ధ్రువుడు ఇంటికి వచ్చి సురుచికిని నమస్కరించెను. ఆమె ఎత్తి దీవించెను. సాధారణకథకుడైనచో ఇచ్చట ముగించును. భాగవతము ముగింపలేదు. ఏండ్ల తరువాత సురుచి కుమారుడగు ఉత్తముడు హిమవత్ప్రాంతమున యక్షుని చేతిలో చచ్చును. ధ్రువుడు అలకాపురిపై దండెత్తి, నేరము చేసినవాడొకడైనను, యక్షులను గుంపులుగ సంహరింపసాగెను. ఏనాడో చల్లారినదనుకొన్న అమర్షము మఱల మండినది. ఈసారి అది న్యాయాగ్రహపు వేషము ధరించినది. తాతయగు స్వాయంభువ మనువు వచ్చి నిలిపినగాని నిలువలేదు. పిదప కుబేరుడు వర మడుగుమన్నప్పుడు ధ్రువుడు హరిస్మరణమును మాత్రమే కోరెను. మొదటి వరమునకును రెండవ వరమునకును నడుమనున్న దూరమే ఈ కథయందలి అసలు ప్రయాణము. తుదకు విష్ణుదూతలు విమానము తెచ్చినప్పుడు అతనికి జ్ఞప్తికి వచ్చినది సురుచి కాదు, తల్లి సునీతి. ఆమె అంతకు ముందే వేఱొక విమానమున పోవుచుండుట అతడు చూచెను. జీవితమంతయు అవమానించిన తల్లిని తలచినవాడు, పెంచిన తల్లిని వేఱొక జీవిగ, తనదైన త్రోవ గలదానిగ చూచుట అదే మొదలని మాకు తోచును.

కర్ణుని మాట యెత్తక ఈ ప్రసంగము సాగదు గాని దానిని క్లుప్తముగ ముగింతుము. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వమున రెండు ఘట్టములు దగ్గఱ దగ్గఱగ నున్నవి. కృష్ణుడు జన్మరహస్యము చెప్పి రాజ్యము చూపినప్పుడు, వ్యాసుని కర్ణుడు పెంచిన రాధాధిరథుల ప్రేమను చెప్పును. పాండవుల నాడిన పరుషములకు పశ్చాత్తాపపడును. తన పుట్టుక ధర్మరాజునకు తెలుపవలదని కోరును. ఇంత నిర్మలముగ మాటలాడినవాడే కుంతి యెదుటికి రాగానే, శత్రువైనను నీవు చేసిన యపకారమును చేయడని నిష్ఠురమాడును. పరుని యెదుట విడిచిన గాయము తల్లి యెదుట మఱల తెఱచుకొనినది. మనస్తత్త్వమున కింత దగ్గఱగ వచ్చిన రచన అరుదు. ఈ గాయము విడిచితిమా లేదా యనుట ఏకాంతమున తేలునది కాదు. ఎవరివలన అది కలిగినదో వారి సమక్షముననే తేలును. దయానిధి కష్టము ఇంతకంటె పెద్దది. అతనికి ఎదురుపడుటకు తల్లి లేదు.

ఇక నవల. వైద్యవిద్యార్థియగు దయానిధి తల్లిని గూర్చి ఊరు చెడుమాట లాడుకొనును. తల్లి జీవితమును గూర్చి పాఠకునకు తెలియునది చాల వఱకు ఇట్టి మాటలవలననే. ఆమె చేసిన దేదో, చేయని దేదో రచయిత బోనెక్కించి విచారింపడు. ఇది లోపమని కొందఱి మతము. ఇదియే నవలకు ఆయువుపట్టని మేము తలంతుము. నింద నిజమని తేలినచో దయానిధి తల్లివలన బాధితు డగును; అబద్ధమని తేలినచో లోకమువలన బాధితు డగును. ఏది తేలినను అతనికి ప్రతివాది దొరకును. రచయిత ఆ యుపకారము చేయలేదు. ప్రతివాది యెవరో తెలియని వ్యాజ్యమును మోయుచు అతడు గ్రంథమంతయు నడచును.

తల్లి మరణించిన పిమ్మట ఈ భారము తగ్గవలసినది, పెరుగును. ఆమె యున్నంత కాలము ఆమెను ప్రేమించుటయో, ఆమెపై కోపించుటయో సాధ్యమై యుండెను. ఇప్పుడు ఆమె కేవలము ఒక ప్రశ్నగ మిగిలినది. తన చుట్టునున్న స్త్రీలందఱిలోను అతడు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమును వెదకుట నవలయందు స్పష్టము. కోమలి యందు సౌందర్యమును, అమృతమునందు ఆదరణమును, సుశీల యందు నిరాకరణమును, ఇందిర యందు గృహస్థధర్మమును చూచెనే కాని వారిని వారిగ చూచిన ఘట్టములు తక్కువ. ఇందిరతోడి వివాహము దీనికి తార్కాణ. ఆమెయు పెద్దల నిర్ణయములకు, పరిస్థితులకు లోబడినదే. కాపురము సక్రమముగ సాగకమునుపే రోగగ్రస్తయై మరణించినది. దయానిధికంటె ఆమె దుఃఖము తక్కువది కాదు. అయినను తనకు కలిగిన అన్యాయముల పట్టికలో అదియు నొకటిగ అతడు భావించునప్పుడు పాఠకునకు అతనిపై జాలి సన్నగిల్లును. రచయిత ఉద్దేశించియే ఇట్లు చేసెనని చెప్పుటకు సంకోచింపము. బాధితాభిమానమునకు ప్రధానలక్షణము క్రౌర్యము కాదు, వినికిడి లోపము. తన చెవిలో తన కథ యొక్కటియే మ్రోగుచుండగా ప్రక్కవాని మూలుగు వినరాదు.

ఊరు విడుచుట అతడు చేసిన తరువాతి ప్రయత్నము. కృష్ణా గోదావరీ మండలముల పచ్చదనమును వదలి రాయలసీమ రాళ్ళలోనికి పోవును. ఈ స్థలపరివర్తనమును ప్రకృతివర్ణనమునకు సాకుగ మాత్రమే చూచిన విమర్శకులు కలరు. మాకట్లు తోచదు. ఊరనునది కుటుంబచరిత్రమును ఇల్లిల్లు తిరిగి చెప్పు గ్రంథాలయము వంటిది. ఎవరును చదువని చోటికి పోయిన చాలునని అతడు తలచెను. నేటి నగరములందు ఇట్టి చోటులకు కొదువ లేదు. హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరులకు ఆవల నున్న అల్మాస్‌గూడ వంటి పల్లెలు కాలనీలైనవి. నానాజిల్లాలవారు ప్రక్కప్రక్క ఇండ్లలో కాపురముందురు. ఎదురింటివాని తల్లి యెవరో, తండ్రి యెట్టివాడో అడుగువారు లేరు. అడుగువారు లేకున్నను రాత్రివేళ మేడపై నిలిచి ఎవరికో సమాధానము చెప్పుకొనువా రుండనే యుందురు. దయానిధి గతియు నదియే. ఊరి నోటిని విడిచి వచ్చెను గాని ఊరి చెవిని తన లోపల తెచ్చుకొనెను.

రాయలసీమలో అతనికి వజ్రము దొరకును, ఐశ్వర్యము వచ్చును, వైద్యశాల వెలయును. ధ్రువుని మొదటి వరమువలె ఇదియు గెలుపే. ఈ గెలుపు ఏమి తీర్చినది? తల్లిపై పడిన మాటను వజ్రము కొనలేదు. పైగా క్రొత్తచోట అతడు పరప్రాంతపువాడను ద్వేషమునకు గుఱియగును. బుచ్చిబాబుగారు ఇచ్చట చూపిన సూక్ష్మత మెచ్చదగినది. ఈ ద్వేషమునకు దయానిధి తల్లితో నిమిత్తము లేదు. అతని స్వభావముతోను లేదు. జనులకు ద్వేషించుటకు ఒక పేరు కావలెను, దొరకినది పెట్టుకొందురు. బాల్యమునుండి తనకు మాత్రమే ప్రత్యేకముగ జరిగినదని అతడు నమ్మిన అన్యాయము, ఎవరికైనను, ఎచ్చటనైనను, ఏ కారణముననైనను జరుగగలదని తెలిసిన క్షణ మిది. ప్రత్యేకత పోయినచోట అభిమానము సడలును. ఇది ఊఱట కాదు. ఒక విధముగ ఇంకొక నష్టము. గాయము తనకు గల ఏకైకసంపద యైనవానికి, అది అందఱి యొద్ద నున్నదని తెలియుట బీదఱికమే కదా.

నిర్మించినవి చేజాఱిన పిమ్మట, అతడు లోకమును క్షమించెనని రచయిత చెప్పడు. తల్లి నిర్దోషిని యని నిరూపించెననియు చెప్పడు. తనతో తాను సమాధానపడుటయే మిగులునను స్థితికి అతడు వచ్చును. ఈ సమాధానము అవమానజనితమగు వైముఖ్యము కాదనుట కాధార మేమి? నవల పూర్వభాగమున దయానిధి వైరాగ్యమునకు ఎప్పుడును ఒక ప్రేక్షకుడు కావలసియుండెను. తాను విడుచుచున్నానని ఎవరో చూడవలెను. అంత్యభాగమున ఆ ప్రేక్షకుడు అక్కఱలేకపోయినాడు. భరతుని పట్టికలో ఒక చివరనుండి రెండవ చివరకు నిర్వేదము జరిగినదని చెప్పుటకు మాకు కనబడు సాక్ష్య మిదియే. అయితే ఈ భాగమున తత్త్వచర్చ కొంత ప్రసంగప్రాయమైనది. మార్పును సన్నివేశమున చూపుటకు మాఱుగ సంభాషణమున చెప్పించిన చోటులు కలవు. అంత చక్కని కథకుడు తన కథను నమ్మలేకపోయెనేమో యనిపించును.

ఇదే కాలమున, 1947 ప్రాంతమున వెలువడిన త్రిపురనేని గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ను దీని ప్రక్కన పెట్టి చూచుట యుచితము. సీతారామారావు సమస్య తల్లిపై నింద కాదు, తండ్రి కీర్తి. వంశప్రతిష్ఠ నిలుపవలెనను భారము నతడు మోయలేకపోయెను. మోయలేనందులకు లోకమును దూఱెను. కీర్తియు నిందవలెనే బిడ్డను క్రుంగదీయగలదని ఈ రెండు నవలలు కలిపి చదివినగాని తెలియదు. సీతారామారావు అందఱను ‘ఎందుకు?’ అని ప్రశ్నించును. ఆ ప్రశ్న బాహ్యమునకే గాని తనవైపు తిరుగదు. తిరిగిన వేళకు కాలము మించినది, శ్మశానమున అతని యాత్ర ముగిసినది. విశేషమేమనగా, ఎందుకని ప్రశ్నించుట నేర్పిన తండ్రికే, అనగా రామస్వామి చౌదరిగారికే, గోపీచందుగారు ఈ నవలను అంకితము చేసిరి. బలవంతుడగు తండ్రికి కుమారుడై పుట్టిన రచయిత, తండ్రి నీడలో నలిగిన పాత్రను సృష్టించి, ఆ గ్రంథమునే తండ్రి చేతిలో పెట్టుట సాహసము. ఫిర్యాదును కృతజ్ఞతతో కలిపి యిచ్చుట తెలిసినవాడు తన నాయకునివలె అసమర్థుడు కాడు.

చలంగారి (1894–1979) మార్గము వేఱు. బాల్యమున తండ్రి తల్లిని పెట్టిన బాధలు ఆయన మనస్సున నాటుకొన్నవని అందఱు నెఱుగుదురు. ఆయన ఆ గాయమును విడిచెనని చెప్పజాలము. స్త్రీని గూర్చియు, కుటుంబమును గూర్చియు ఆయన వ్రాసిన ప్రతిపుటయందును ఆ యింటి కేక వినబడును. కాని ‘బిడ్డల శిక్షణ’ వ్రాసినప్పుడు ఆయన తాను పొందిన దెబ్బలను లెక్కించుటకు మాఱుగ, దెబ్బలు తినబోవు బిడ్డల పక్షమున నిలిచెను. గాయమునకు పని దొరకినది. 1950లో అరుణాచలమునకు పోయిన పిదప ఆయన మనస్సు శాంతించినదా యను విచారణ మా పరిధిలోనిది కాదు. విడుచుట యొక్కటియే గతి కాదని, గాయము నితరుల కాపలాకు నియోగించుట మఱొక గతి యని చెప్పుట కీ యుదాహరణము చాలును. బుచ్చిబాబుగారి నాయకునకు ఈ మార్గము వైద్యవృత్తి రూపమున చేతికందినదే. వైద్యశాలను అతడు బహుశః తన పేరు కడుగుకొనుటకు కట్టెనే గాని రోగులకొఱకు కట్టలేదు. అది నిలువకపోవుటలో ఈ కారణము కూడ నుండవచ్చును.

బాధితస్థానమును విడువవలెనను మాట బాధించినవారికి మేలు చేయదా యను ఆక్షేపణ కలదు. అనుభవజ్ఞులు చేయునట్టి ఆక్షేపణ మిది. దీనిని తేలికగ త్రోసివేయరాదు. ఇంటి పెద్దలు తాము చేసినదానిని కప్పిపుచ్చుటకు ‘పాతమాట లెందుకు, మఱచిపొమ్ము’ అనుట మనయిండ్ల వాడుకయే. కాని మఱపు వేఱు, ఉపసంహరణ వేఱు. సురుచికి ధ్రువుడు మ్రొక్కినను, ఆమె పలికిన మాటను భాగవతము తుడిచివేయలేదు. మైత్రేయుడు మఱల మఱల దానిని వాగ్బాణమనియే పేర్కొనెను. దయానిధి శాంతించినను, ఆతని యూరు తీర్పు పొందియే యున్నది; నవల చదివినవా రెవరును ఆ యూరిని మెచ్చరు. సాక్ష్యమును గ్రంథము భద్రపఱచినది కనుకనే పాత్ర దానిని మోయనక్కఱ లేకపోయినది.

మాకు మిగిలిన అసంతృప్తి వేఱొకటి. నవల చివర కోమలి అతని చెంతకు వచ్చును. ఆమె రాక అతని శాంతికి బహుమానమువలె నుండుట కథకు మేలు చేయలేదు. అంతకంటె ముఖ్యము, తల్లి విషయము. దయానిధి తన వ్యాజ్యము నుపసంహరించుకొనునప్పటికి, తల్లి ‘తన గాయము’గ కాక, తనవలెనే తప్పొప్పులు, కోరికలు, ఒంటరితనము గల యొక స్త్రీగ అతని కంటబడవలసి యుండెను. ఆ చూపు లేక పై యుపసంహరణ సగమే. అచ్చటచ్చట అందులకు సూచనలున్నవి. అవి సూచనలుగనే నిలిచిపోయినవి. ఊరందఱును మాటలాడిన ఆ యిల్లాలి నోట ఆ విషయమై ఒక్క మాటయు మనము వినము. ధ్రువునకు తుదిక్షణమున సునీతి విమానము కనబడెను. దయానిధి తల్లికి అట్టి విమానము నేదియు బుచ్చిబాబుగారు పంపలేదు.